వార్డులో వినపడే చిన్న మాటలు

తెనాలి,
ఆదివారం రాత్రి

చిన్నారీ,

పొద్దున ఫోన్లో నువ్వు చెప్పింది విని మీ అత్తయ్య నవ్వు ఆపుకోలేకపోయింది గానీ, నాకు నవ్వు రాలేదు. రాత్రంతా ‘థ్రోయింగ్ అప్’ అని నీ వార్డులో ఒక ముసలాయన చెప్పుకుంటుంటే, ఏం విసిరేశాడా అని నువ్వు మంచం చుట్టూ వెతికావు. ఆయనకి వాంతులవుతున్నాయని తోటి నర్సు చెప్పేదాకా తెలియలేదు. ‘ఇంగ్లిషు పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి కదా మామయ్యా, మరి ఇంగ్లండులో వీళ్ల మాట నాకెందుకు అర్థం కావట్లేదు?’ అని అడిగావు. నీ గొంతు విన్నాక ఫోన్లో జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

తప్పు నీది కాదు, నాది. నీకు ఇంగ్లిషు నేర్పింది నేనే. వాంతికి ‘వామిట్’, స్పృహ తప్పడానికి ‘ఫెయింట్’, వాయిదాకి ‘పోస్ట్‌పోన్’, ఓర్చుకోవడానికి ‘టాలరేట్’ అని చెప్పాను. అవన్నీ లాటిన్, ఫ్రెంచి దారిన ఇంగ్లిషులోకి వచ్చిన మాటలు. కాగితం మీద దర్జాగా ఉంటాయి. మంచం పక్కన మాత్రం అక్కడివాళ్లు థ్రో అప్, పాస్ అవుట్, పుట్ ఆఫ్, పుట్ అప్ విత్ అంటారు. బడిలో చదువుకున్న మనకి పెద్ద మాటలు సులువు, చిన్న మాటలు కష్టం.

ఈ అవస్థ నీ ఒక్కదానిదే కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు అచ్చువేసినప్పుడు, క్రియ వెనక ఒక చిన్న మాట చేర్చి అర్థం మార్చేయడం ఇంగ్లిషులో మరీ ఎక్కువనీ, పరాయివాళ్లకి అన్నిటికన్నా కష్టం అక్కడేననీ ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. ఈ జంట మాటలని ‘ఫ్రేజల్ వెర్బ్స్’ అని లోగన్ పియర్సాల్ స్మిత్ అనే రచయిత 1925లో తన పుస్తకంలో రాశాడు. ఆ పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ.

నేనూ బోల్తా పడ్డవాణ్ణే. ఒకసారి మా హైస్కూలు చూడటానికి ఇంగ్లండు నుంచి ఒకాయన వచ్చాడు. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 1978’ అన్నాను గొప్పగా. ఆయన కంగారుగా నా మొహంలోకి చూసి, ఇప్పుడు ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. మనం చదువు పూర్తిచేశామని చెప్పే ఆ మాటకి, సైనిక శిక్షణ సంగతి వదిలేస్తే, వాళ్ల దగ్గర స్పృహ తప్పి పడిపోవడమనే అర్థం. నీ వార్డులో ఎవరైనా ఆ మాట అంటే చదువు గురించి అనుకోకు, పరుగెత్తు.

ఇప్పుడు మన మాట సంగతి చూడు. బయటపడ్డాడు, వెంటపడ్డాడు, వెనకబడ్డాడు. వీళ్లలో నేల మీద పడ్డదెవరు? ‘గండం నుంచి బయటపడ్డాడు’ అని మీ అమ్మమ్మ అన్నప్పుడు ‘బయట’కి ఒక అర్థం, ‘పడు’కి ఒక అర్థం విడిగా చెప్పిందా? మొత్తంగా విన్నావు, మొత్తంగా అన్నావు. ఇంగ్లిషులోనూ అంతే. ‘ఫాల్ బిహైండ్’ అచ్చంగా మన వెనకబడటమే. కానీ ‘ఫాల్ అవుట్’ బయటపడటం కాదు, పోట్లాడుకుని మాటలు మానేయడం. అందుకే ముక్కలు విడదీసి అర్థం కట్టకు.

‘అప్’ అనగానే పైకి చూడకు. ‘డ్రింక్ అప్’ అంటే తాగెయ్. మిగల్చకుండా పూర్తి చెయ్యమని మన ‘ఎయ్’ చెప్పేదే అక్కడ ‘అప్’ చెబుతుంది. నొప్పిమందు ‘వేరింగ్ ఆఫ్’ అన్నారంటే దాని పని అయిపోవస్తోందని. ఆపరేషన్ తర్వాత ‘కమ్ రౌండ్’ అంటే మత్తు వదిలి తెలివి రావడం. వాపు ‘గోయింగ్ డౌన్’ అయితే మంచి కబురే. ‘బ్రింగ్ అప్’ ఒక్కటే మూడు చాకిరీలు చేస్తుంది. కఫం బయటికి తెచ్చినా అదే, పిల్లల్ని పెంచినా అదే, మాటల్లో ఏదైనా విషయం ఎత్తినా అదే. ఎక్కడ ఏ అర్థమో పక్క మాటే చెబుతుంది.

వ్యాకరణం ఒక్క ముక్క. కళ్లజోడు తియ్యమనాలంటే ‘టేక్ ఆఫ్ యువర్ గ్లాసెస్’ అన్నా సరే, ‘టేక్ యువర్ గ్లాసెస్ ఆఫ్’ అన్నా సరే. సర్వనామం వచ్చిందా, నడుమే కూర్చుంటుంది: ‘టేక్ దెమ్ ఆఫ్’. ‘లుక్ ఆఫ్టర్’ లాంటివి మాత్రం విడిపోవు: ‘లుక్ ఆఫ్టర్ హిమ్’. ఇక మనవాళ్ల అలవాట్లు రెండు వదిలెయ్. ‘ఆఫ్ ద లైట్’ కాదు, ‘టర్న్ ఆఫ్ ద లైట్’. ‘కోప్ అప్ విత్’ కాదు, ‘కోప్ విత్’.

నేను నేర్పిన పెద్ద మాటలు వృథా అనుకోకు. కేస్‌షీట్‌లో ‘వామిటెడ్ ట్వైస్’ అనే రాయి. చెవికి ఒక ఇంగ్లిషు, చేతికి ఒక ఇంగ్లిషు ఉండాలి.

జాబితాలు కొని బట్టీ పట్టకు. ‘గెట్’తో మొదలయ్యేవి ఇరవై ఒకేసారి మింగితే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. జేబులో చిన్న పుస్తకం పెట్టుకో. రోజుకి మూడు చాలు. మాట ఒక్కటే కాదు, విన్న వాక్యం మొత్తం రాసుకో, ఏ సందర్భంలో అన్నారో రాసుకో. రోగి పేరు మాత్రం రాయకు. రాత్రి గదికి వెళ్లాక అదే మాటతో నీ సొంత వాక్యం ఒకటి కట్టు. ఆదివారం ఫోన్లో అవి నాకు చెప్పు, నేనూ నేర్చుకుంటాను.

చివరగా ఒక్క మాట. అర్థం కానప్పుడు తల ఊపకు. ‘వాట్ డు యూ మీన్ బై దట్?’ అని అడుగు. నా క్లాసులో అర్థం కాకపోయినా తల ఊపినవాళ్లకి మహా అయితే నాలుగు మార్కులు పోయాయి. నీ ఎదురుగా మంచం మీద ఉన్నవాళ్ల సంగతి అలాంటిది కాదు. పదిసార్లయినా అడుగు తల్లీ, మొహమాటపడకు.

ఉంటాను,
మామయ్య