కల్పిత లోకముల నక్షాలు

మానవుడు తాను నివసించు నేలను కొలిచి పటము గీసినట్లే, ఎవరును ఎన్నడును చూడజాలని లోకములకు సైతము పటములు గీసినాడు. ఇది కేవలము వినోదమని పలువురు తలంతురు. అట్టి పటము కథకు అలంకారము మాత్రమే కాదనియు, కల్పనను అదుపులో నుంచు కట్టుబాటనియు, మన రెండు భాషల విద్యార్థులను ఒకచోట చేర్చగల సాధనమనియు ఈ వ్యాసమున మేము వివరింపదలచితిమి.

తెలుగున పటమనునది ఉర్దూలో నక్షా. ఊరి నక్షా యనినచో మన చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల రైతునకు వేరుగా అర్థము చెప్పవలసిన పనిలేదు. పొలముల హద్దులు, వాగులు, బండ్లబాటలు అందులో నుండును. అందొక గీత తప్పినచో తగవు తప్పదు. కల్పిత లోకపు నక్షాకును ఇదియే ధర్మము. ఒక అధ్యాయమున తూర్పుననున్న కొండ మరియొక అధ్యాయమున పడమటికి జరుగరాదు.

పాశ్చాత్యుల కృషి

1516లో వెలువడిన థామస్ మోర్ 'యుటోపియా' గ్రంథమునందే ఆ కల్పిత ద్వీపపు పటము అచ్చయినది. 1881లో స్టీవెన్సన్ స్కాట్లండునందు ఒక బాలుని వినోదార్థము ఒక దీవి పటమును గీసి రంగులద్దెను. ఆ పటమునుండియే 'ట్రెజర్ ఐలండ్' కథ పుట్టినది. 1883లో అది పుస్తకముగా వచ్చుటకు ముందే ఆ మొదటి పటము పోయినది. అంతట ఆయన తన కథను తానే తిరిగి చదివి, అందలి ప్రతి దూరమును సరిచూచుకొని, మరల పటము గీయించవలసి వచ్చెను. ముందు పటము గీసి కథ వ్రాయుట సులభమనియు, కథకు తగిన పటము గీయుట మిక్కిలి కష్టమనియు దీనివలన తెలియుచున్నది.

1954-55లలో వెలువడిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' గ్రంథకర్త టోల్కీన్ కూడ మొదట పటమును సిద్ధపరచుకొని, దానికి అనుగుణముగా కథను నడిపినవాడే. ఆ గ్రంథమునందలి పటములను ఆయన కుమారుడు క్రిస్టొఫర్ గీసెను. 1970లో పాలీన్ బేన్స్ అను చిత్రకారిణి అదే లోకమును గోడపటముగా చిత్రించెను. 1981లో కారెన్ విన్ ఫాన్‌స్టాడ్ అను అమెరికా భూగోళ శాస్త్రజ్ఞురాలు, కథలోని ప్రయాణములను దినదినము లెక్కించి, ఆ లోకమునకు ఒక అట్లాసునే రూపొందించినది. పఠితకు గ్రంథముపైగల ప్రేమ శాస్త్రముగా పరిణమించుటకు ఇది చక్కని ఉదాహరణము.

దాస్తానులలోని భూగోళము

ఇట్టి లోకములు మనకు లేవా? లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయము 1883 నుండి వెలువరించిన 'తిలిస్మె హోష్‌రుబా'ను పరికింపుడు. తొలి నాలుగు సంపుటములను ముహమ్మద్ హుసేన్ జాహ్, తరువాతి వానిని అహ్మద్ హుసేన్ ఖమర్ రచించిరి. మాంత్రిక చక్రవర్తి అఫ్రాసియాబ్ ఏలు ఈ దేశము మూడు భాగములు: కంటికి కానవచ్చు 'జాహిర్', మరుగుపడిన 'బాతిన్', చీకటి దేశమగు 'జుల్మాత్'. జాహిర్, బాతిన్‌ల నడుమ నెత్తుటి నది ప్రవహించును. దానిపై పొగతో కట్టిన వంతెన కలదు. పొగ సింహములు రెండు దానికి కాపలా. వంతెనపై మూడంతస్తుల బురుజు. క్రింది అంతస్తున పరీలు బాకాలు పట్టి నిలుతురు. నడిమి అంతస్తున పరీలు ముత్యములు చల్లగా నదిలోని చేపలు వానిని నోట కరచుకొని పోవును. పై అంతస్తున హబ్షీ వీరులు కత్తులతో పోరాడుచుండగా వారి రక్తమే దిగువకు జారి నదియగును.

ఇది స్వైరకల్పన వలె తోచినను, ఇందు ఎంత క్రమమున్నదో గమనింపుడు. నదికి జన్మస్థానమున్నది, రాజ్యమునకు సరిహద్దున్నది, దాటుటకు త్రోవయున్నది. తిలిస్మును జయింపగోరువాడు 'లౌహ్' అను పలకను సంపాదింపవలెను. ఎచ్చట ఏమి చేయవలెనో ఆ పలకయే చెప్పును. అనగా కథలోపలనే ఒక మార్గదర్శి దాగియున్నదన్నమాట.

అక్బరు చక్రవర్తి ఈ హమ్జా గాథలకు సుమారు 1562 నుండి 1577 వరకు వస్త్రముపై 1400 చిత్రములు వేయించెను. నేడు మిగిలినవి బహుస్వల్పము. అవి సన్నివేశ చిత్రములే కాని దిక్కులు, దూరములు తెలుపు పటములు కావు.

తెలుగు కథలలోని బాటలు

16వ శతాబ్దికి చెందిన పింగళి సూరన 'కళాపూర్ణోదయము' ద్వారకలో ఆరంభమగును. అడవి నడుమ సింహవాహనయగు దేవి ఆలయము, కళాపూర్ణుడు ఏలిన క్రముకకంఠోత్తరపురము కథలో వచ్చును. నిజమైన ద్వారకకును కల్పితమైన పురమునకును నడుమ కవి బాట వేసినాడు. ఒకే కథను పలువురు పలుచోట్ల చెప్పుటచే పఠితకు తికమక కలుగును. పటముపై స్థలములను గుర్తించి, సంఘటనలకు వరుస సంఖ్యలు వేసినచో ఆ చిక్కు చాలవరకు విడిపోవును.

మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' మరియొక మార్గము చూపినవి. మణిసిద్ధునితో కాశీకి నడచు గోపాలునకు ప్రతి మజిలీలోను ఒక కథ కావలెను. ఇచ్చట బాటయే గ్రంథమునకు కట్టు. ఇక 1947లో ఆరంభమైన 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం వ్రాసిన ధారావాహికల పేర్లు చూడుడు: కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం. ఇవన్నియు స్థలముల పేర్లే. చిత్రా కుంచె వానికి రూపమిచ్చినది.

విద్యార్థులు చేయదగిన పని

మొదట తెలిసిన నేలతో ఆరంభింపవలెను. 1908 నాటి వరదల పిమ్మట మూసీపై 1920లో ఉస్మాన్‌సాగరు, ఈసీపై 1927లో హిమాయత్‌సాగరు నిర్మింపబడినవి. ఈ రెండు జలాశయములను, మర్రిచెట్లకు పేరొందిన మన బాటను కాగితముపై గీయుడు. హైదరాబాదు నుండి చేవెళ్లకు సుమారు 40 కిలోమీటర్లు. కాలినడకను దినమునకు 20, 25 కిలోమీటర్లుగా లెక్కించినచో మొయినాబాదు తొలి మజిలీ, చేవెళ్ల మలి మజిలీ యగును. నీరు పల్లమునకే పారును, ఊరు నీటి చెంతనే వెలయును, దూరమనగా కాలమే. ఈ మూడు సూత్రములు పట్టుబడిన పిమ్మట హోష్‌రుబాకైనను, క్రముకకంఠోత్తరపురమునకైనను పటము గీయవచ్చును.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు తరగతులు ఒకే వరండాలో నడచుచున్నవి. అయినను ఉర్దూ విద్యార్థికి సూరన పేరు తెలియదు, తెలుగు విద్యార్థికి అఫ్రాసియాబ్ పేరు తెలియదు. అడ్డువచ్చినది లిపియే కాని అభిరుచి కాదు. ఒకరి లిపి రానివారు సైతము ఒకరి నక్షాను చదువగలరు. కావున ఇరు విభాగముల విద్యార్థులు జంటలుగా కూర్చుండి, ఒకరు చదివి చెప్పగా మరియొకరు గీయవలెను. స్థలనామములను రెండు లిపులలోను వ్రాయవలెను. అట్టి పటములకు గ్రంథాలయపు గోడపై తావు కల్పింపవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను మేము కోరుచున్నాము. గోడపై పటము చూచినవాడు క్రింది అలమారులోని పుస్తకము కొరకు చేయి చాచును. చదువరి లేని కథ ఎంత గొప్పదైనను నశించును. దానిని నిలుపుట ఇరు భాషల విద్యార్థుల ఉమ్మడి బాధ్యత.