డాల్ఫిన్ తల ఎటు తిరిగింది?

పాత పుస్తకాల మొదటి పేజీల్లోని చెక్కడపు బొమ్మల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. ఇప్పుడు ఆ పనిలోకి వస్తున్న పిల్లలకు నాలుగు మాటలు.

1. అర్థం వెతికే ముందు బొమ్మ ఏ చోట ఉందో చూడండి. అధ్యాయం చివర మిగిలిన జాగాలో తీగ అల్లుకుని ఉంటే, చాలావరకు అది ఖాళీ నింపడానికే. అచ్చువాడు ఉన్న దిమ్మెనే ఎన్నో పుస్తకాలకు వాడుకునేవాడు. ద్రాక్షతీగ కనబడింది కదా అని మోక్షం గురించి వ్యాసం రాయకండి. అచ్చైన ఊరూ పేరూ ఉన్న పేజీలో బొమ్మ సంగతి వేరు. అది సంతకం.

2. కుడి ఎడమలు గమనించండి. వెనిస్‌లో పుస్తకాలు అచ్చువేసే ఆల్డస్ మనూషియస్ 1502 నుంచి లంగరుకు చుట్టుకున్న డాల్ఫిన్‌ను తన గుర్తుగా వేసేవాడు. పాత రోమన్ నాణెం మీది బొమ్మ అది. డాల్ఫిన్ వేగం, లంగరు నిదానం. త్వరపడుతూనే తొణక్కుండా ఉండమని భావం. ఆ పుస్తకాలకు గిరాకీ పెరిగేసరికి ఫ్లోరెన్స్‌లో నకళ్ళు బయల్దేరాయి. ఆల్డస్ పోయాక, 1518లో వేసిన లివీ చరిత్ర ముందుమాటలో ఆయన బావమరిది ఫ్రాన్సెస్కో టొరెసానీ కొనేవాళ్ళను హెచ్చరించాడు: మా డాల్ఫిన్ తల కుడికి ఉంటుంది, వాళ్ళది ఎడమకు ఉంది, చూసుకోండి అని.

దిమ్మె మీద చెక్కింది కాగితం మీద తిరగబడుతుంది. పెడనలో కలంకారీ దిమ్మెలు చెక్కేవాళ్ళను అడిగినా చెబుతారు. అచ్చులో చూసినదాన్ని చూసినట్టే చెక్కితే దొరికిపోవడం ఖాయం. ఫ్లోరెన్స్‌వాళ్ళ పనీ అలాగే బయటపడి ఉంటుందని నా ఊహ.

3. ఒకే బొమ్మ ఇద్దరి చేతుల్లో రెండు మాటలు పలుకుతుంది. 1531లో అచ్చైన ఆండ్రియా ఆల్చాటో రాసిన సంకేతచిత్రాల పుస్తకంలో ద్రాక్షతీగ ఎండిపోయిన ఎల్మ్ చెట్టును వదలకుండా పట్టుకుని ఉంటుంది. చావు తర్వాతా నిలిచే స్నేహానికి గుర్తు. 1620లో లైడెన్‌లో పుస్తకాలు అచ్చువేసే ఎల్జెవీర్ కుటుంబం అదే జంట పక్కన ఒక ముసలాయనను నిలబెట్టి, ‘ఒంటరి కాదు’ అనే లాటిన్ మాట చేర్చింది. మన పరిశోధక విద్యార్థులు దించుకునే ఎల్సెవియర్ పత్రాల మీద ఇప్పటికీ ఆ చెట్టే. 1880లో పుట్టిన ఎల్సెవియర్ సంస్థ ఆ పేరు అరువు తెచ్చుకుంది. పాత వంశంతో దానికి చుట్టరికం లేదు.

4. ఆంట్వర్ప్‌లో క్రిస్టఫ్ ప్లాంటిన్ గుర్తు వృత్తలేఖిని. కదిలే కాలు శ్రమ, కదలని కాలు స్థైర్యం. ఆ మాటలు బొమ్మతోపాటే లాటిన్‌లో ఉంటాయి కనుక ఊహాగానాలతో పనిలేదు. ఆయన అచ్చుశాల ఇప్పుడు మ్యూజియం. పాత చెక్కదిమ్మెలూ రాగిరేకులూ వేలల్లో ఉన్నాయి. వెళ్ళే వీలుంటే ముందు దిమ్మెలు చూడండి, ఆ తర్వాతే పుస్తకాలు.