చిన్న గది – నలుదిక్కుల నాదం

పల్నాడు సీమలో నరసరావుపేటకు సమీపాన ఉన్న కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామి క్షేత్రంగా ప్రసిద్ధి పొందింది. ఏ దిక్కు నుండి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయి కనుక దీనికి త్రికూటాద్రి అని పేరు వచ్చింది. ఈ క్షేత్రానికి సంబంధించి ఆనందవల్లి అనే గొల్లభామ కథ ప్రజల నాలుకలపై నిలిచి ఉంది. నిత్యం కొండనెక్కి స్వామిని సేవించే ఆమె, ఎక్కే శక్తి సన్నగిల్లినప్పుడు స్వామినే దిగి రమ్మని వేడుకొన్నది. వెనుదిరిగి చూడకుండా ముందు నడిస్తే తాను వెంట వస్తానని స్వామి మాట ఇచ్చాడు. ప్రచారంలో ఉన్న ఒక కథనం ప్రకారం, వెనుక పుట్టిన భీకర ధ్వనులకు తాళలేక ఆమె తిరిగి చూసింది. స్వామి అక్కడే ఆగిపోయాడు.

ఇది భక్తికథ. అయినా ఇందులో మానవ స్వభావాన్ని తెలిపే సత్యం ఒకటి ఉంది. కన్ను ముందున్న దానినే చూస్తుంది. చెవి నాలుగు దిక్కులనూ కనిపెట్టి ఉంటుంది. వెనుక ధ్వని పుడితే మెడ అప్రయత్నంగా అటు తిరుగుతుంది. చలనచిత్ర ప్రదర్శనలో ప్రేక్షకుని చుట్టూ ధ్వనిని నింపే ‘సరౌండ్’ విధానానికి ఆధారం ఈ శ్రవణశక్తియే.

చెవి దిక్కును గుర్తించే తీరు

కుడివైపు పుట్టిన ధ్వని ముందుగా కుడి చెవిని చేరి, లేశమాత్రం ఆలస్యంగా ఎడమ చెవిని చేరుతుంది. ఈ తేడా సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. అయినా మెదడు దానిని పసిగట్టి దిక్కును నిర్ణయిస్తుంది. అయితే ఎదురుగా వచ్చే ధ్వని, సరిగా వెనుక నుండి వచ్చే ధ్వని రెండు చెవులనూ ఒకేసారి చేరుతాయి. అప్పుడు తోడ్పడేది చెవి డొప్ప. దాని మడతలు వెనుక నుండి వచ్చే ధ్వని స్వభావాన్ని కొద్దిగా మార్చి లోపలికి పంపుతాయి. ఆ మార్పును బట్టి మెదడు ముందు, వెనుకలను వేరుచేస్తుంది. అంటే ధ్వని యొక్క ‘రంగు’ కూడా దిక్కును తెలిపే గుర్తే. ఈ ఒక్క విషయం గ్రహిస్తే స్పీకర్ల ఎంపికలోని మర్మం సులభంగా బోధపడుతుంది.

తెర వెనుక నుండి చుట్టూరా

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వెలువడింది. ఆ కాలపు చిత్రాలలో ధ్వని ఒకే మార్గంలో వినిపించేది. ఇంగ్లండులో అలన్ బ్లమ్‌లీన్ 1931లోనే రెండు మార్గాల స్టీరియో ధ్వనికి పేటెంటు కోరాడు. 1940లో డిస్నీ సంస్థ ‘ఫాంటాసియా’ చిత్రాన్ని బహుమార్గ ధ్వనితో ప్రదర్శించింది. 1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’ చిత్రంతో డాల్బీ డిజిటల్ థియేటర్లకు వచ్చింది. దీనిలోని ధ్వని పంపకాన్ని 5.1 అంటారు. ఎదుట ఎడమ, మధ్య, కుడి స్పీకర్లు మూడు. పక్కల లేక వెనుక సరౌండ్ స్పీకర్లు రెండు. అతి మంద్రధ్వనులకు కేటాయించిన మార్గం ఒకటి. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ దీనికి పైకప్పు దిక్కును కూడా చేర్చింది. క్రమంగా ఈ ఏర్పాటు ఇంటిలోకి, ఆపై పడకగదిలోకి ప్రవేశించింది.

తిరునాళ్ళ మైదానం, పడకగది

మహాశివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్ళకు చుట్టుపక్కల గ్రామాల నుండి విద్యుత్ ప్రభలు తరలివస్తాయి. పదుల అడుగుల ఎత్తున దీపాలతో వెలిగే ఆ ప్రభల చెంత లౌడ్‌స్పీకర్లు హోరెత్తుతాయి. ఆరుబయట ధ్వని త్వరగా పలచబడుతుంది. ప్రతిధ్వనించే అడ్డు లేనిచోట, చిన్న స్పీకరు నుండి దూరం రెట్టింపైనప్పుడల్లా ధ్వనితీవ్రత సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కనుక మైదానానికి పెద్ద యంత్రాలు అవసరం.

పడకగది స్థితి దీనికి విరుద్ధం. అక్కడ శ్రోతకూ స్పీకరుకూ మధ్య దూరం నాలుగైదు అడుగులే. పైగా గోడలు ధ్వనిని వెనుకకు తిప్పికొడతాయి. 11 అడుగుల పొడవున్న గదిని ఉదాహరణగా తీసుకోవచ్చు. అది సుమారు 3.35 మీటర్లు. ధ్వనివేగం సెకనుకు 343 మీటర్లు కనుక, ఆ గది పొడవునకు రెట్టింపు తరంగదైర్ఘ్యం గల ధ్వని పౌనఃపున్యం సుమారు 51 హెర్ట్జ్ అవుతుంది. ఆ మంద్రస్వరం వెలువడినప్పుడు ఎదురెదురు గోడల వద్ద గుమ్ముమని ఉబ్బి, గది నడుమ క్షీణిస్తుంది. మంచం తలవైపు గోడకు ఆనించి ఉంటే, పడుకొన్నవానికి ఆ గుమ్ముదల మరింత బలంగా వినిపిస్తుంది. చిన్న గదికి పెద్ద స్పీకర్లు తెచ్చి, మాటలు స్పష్టంగా లేవని వగచేవారు ఈ సంగతిని గమనించాలి. లోపం చాలాసార్లు పరికరానిది కాదు, పొంతనది.

జత కుదర్చడం ఎట్లు?

జత అనగానే పరిమాణం, రూపం ఒకటిగా ఉండాలని చాలామంది భావిస్తారు. నిజానికి కలవవలసినది నాదగుణం. ఒకే శ్రుతిలో పలికినా వేణువు వేణువుగానూ, నాదస్వరం నాదస్వరంగానూ గుర్తుకు రావడానికి కారణమైన గుణమే ఇది. తెరపై ఒక ద్విచక్రవాహనం ఎడమ నుండి ప్రేక్షకుని దాటి వెనుకకు పోతున్నదనుకుందాం. ఎదుటి స్పీకరులో గంభీరంగా మ్రోగిన ఇంజను, వెనుక స్పీకరులోకి రాగానే రేకుడబ్బా వలె పలికితే, వాహనం కదిలినట్లు తోచదు, మారిపోయినట్లు తోస్తుంది.

కనుక ఎదుటి స్పీకర్లు ఏ సంస్థవో, ఏ శ్రేణివో, వీలైనంతవరకు సరౌండ్ స్పీకర్లు కూడా ఆ శ్రేణివే కావడం మేలు. ఒకే శ్రేణిలో తీవ్రస్వరాలను పలికించే ట్వీటర్ సాధారణంగా ఒకే రకంగా ఉంటుంది. నాదగుణాన్ని నిర్ణయించడంలో దాని పాత్ర పెద్దది. మంద్రస్వరాల వూఫర్ మాత్రం చిన్నదైనా బాధ లేదు. ఎదుట ఆరున్నర అంగుళాల వూఫర్ ఉన్నప్పుడు వెనుక నాలుగు అంగుళాలది చాలవచ్చు. 80 హెర్ట్జ్ పరిసరాలకు దిగువనున్న ధ్వనులను రిసీవరు సబ్‌వూఫర్‌కు మళ్ళించగలదు. మరీ చిన్న స్పీకర్లకు ఆ హద్దును కొంత పెంచవలసి ఉంటుంది.

సెన్సిటివిటీ అనే అంకెను చూసి కలతచెందనక్కరలేదు. ఒక స్పీకరు 90 డెసిబెల్స్, మరొకటి 87 డెసిబెల్స్ అయితే, రెండవదానికి రెట్టింపు విద్యుచ్ఛక్తి కావాలి. కాని చిన్న గదికి కావలసిన శక్తియే స్వల్పం. ఆ తేడాను రిసీవరులో సరిచేయవచ్చు. నాదగుణంలోని తేడాను పూర్తిగా సరిచేయడం మాత్రం కష్టం. స్పీకరు ఓమ్‌ల విలువ రిసీవరు అనుమతించిన హద్దులో ఉన్నదీ లేనిదీ తప్పక చూడాలి.

పాత స్పీకర్ల శ్రేణి బజారులో దొరకనప్పుడు చెవియే ప్రమాణం. జలపాతపు హోరును పోలిన పరీక్షాధ్వనిని రిసీవరు ఒక్కొక్క స్పీకరులో వినిపిస్తుంది. కళ్ళు మూసుకొని విన్నప్పుడు ఆ హోరు స్థానం మార్చినట్లు తోచాలి గాని స్వభావం మార్చినట్లు తోచరాదు.

అమరిక

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సూచన ప్రకారం, శ్రోత ఎదుటి మధ్యరేఖ నుండి ఎడమ, కుడి స్పీకర్లు 30 డిగ్రీల వద్ద, సరౌండ్ స్పీకర్లు 100 నుండి 120 డిగ్రీల వద్ద ఉండాలి. అంటే అవి సరిగా వెనుక కాదు. పక్కలకు, కొంచెం వెనుకగా. మంచం గోడకు ఆని ఉన్న గదిలో వాటిని పక్కగోడలకే బిగించడం ఉచితం. కూర్చున్నవాని చెవికంటే అడుగున్నర, రెండడుగుల ఎత్తున ఉంచితే, దగ్గరి స్పీకరు ఒక్కటే చెవిలో మ్రోగే దోషం తగ్గుతుంది. పెట్టె వెనుక గాలిరంధ్రం ఉన్న స్పీకరును గోడకు ఆనిస్తే మంద్రధ్వని మసకబారవచ్చు. అందువల్ల మూసిన పెట్టె గాని, ముందువైపు రంధ్రం గలది గాని తగినది. బిగింపు గట్టిగా ఉండాలి. నిద్రించేవారి తలపైన ఏ బరువూ వ్రేలాడరాదు. తీగల ధన, ఋణ కొనలు తారుమారైతే ధ్వని పలచబడి దిక్కు తప్పుతుంది.

స్పీకర్ల దూరాలు కొలిచి రిసీవరులో నమోదు చేయాలి. ధ్వని మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. ఒక మీటరు దగ్గరగా ఉన్న స్పీకరును రిసీవరు దాదాపు మూడు మిల్లీసెకన్లు ఆపి పలికిస్తుంది. అప్పుడు అన్ని ధ్వనులూ ఒకే వేళకు చెవిని చేరుతాయి.

గోడకు ఆవలి మనిషి

పడకగది ఒక్కని విలాసమందిరం కాదు. పక్కగదిలో వృద్ధులు నిద్రిస్తుంటారు. గోడకు ఆవల ఒక విద్యార్థి పరీక్షకు చదువుతుంటాడు. 2000లో కేంద్రప్రభుత్వం చేసిన శబ్దకాలుష్య నిబంధనలు నివాసప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌ను హద్దుగా నిర్ణయించాయి. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు రాత్రివేళగా పరిగణిస్తారు. వారానికి 40 గంటల వినికిడికి 80 డెసిబెల్స్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దుగా సూచించింది. 90 డెసిబెల్స్ అయితే నాలుగు గంటలే. లోపలిచెవిలో నశించిన రోమకణాలు మనిషికి తిరిగి మొలకెత్తవు. జత చక్కగా కుదిరిన స్పీకర్లలో తక్కువ ధ్వనికే మాట స్పష్టంగా అందుతుంది. సరైన ఎంపిక వల్ల కలిగే పెద్ద లాభం ఇదే.

గొల్లభామ వెనుదిరిగిన చోట ఆమె నడక ఆగింది. ప్రేక్షకుడు వెనుకనున్న పెట్టె వైపు తిరిగి చూసిన చోట కథ ఆగుతుంది. ధ్వని చుట్టూ ఉన్నా, అది ఎక్కడినుండి వస్తున్నదో వెదకాలనిపించకపోవడమే మంచి అమరికకు గుర్తు.

కఠిన పదాలు – అర్థాలు

జనశ్రుతి = ప్రజల నోట వినవచ్చే కథ
మంద్రము = తగ్గుస్థాయి స్వరం
నాదగుణము = ధ్వనికి గల ప్రత్యేక స్వభావం
పొంతన = అనుకూలత, పొత్తు

ప్రశ్నలు

1. చెవి ధ్వని దిక్కును ఎట్లా గుర్తిస్తుందో వివరించండి.
2. స్పీకర్ల జతలో పరిమాణం కంటె నాదగుణం ముఖ్యమని పాఠం ఎట్లా నిరూపించింది?
3. గొల్లభామ కథకూ, స్పీకర్ల అమరికకూ గల పోలికను తెల్పండి.