పాత భయానికి 4కె కావాలా?

మా కొత్తపేటలో తాతయ్య పక్కన కూర్చుని ఫోన్‌లో ‘పాతాళ భైరవి’ (1951) చూశాను. మాంత్రికుడిగా ఎస్.వి. రంగారావు గారు గుహలో నిలబడితే, చుట్టూ చీకటి బూడిదరంగు గళ్ళలా కనిపించింది. “అప్పట్లో ఇలా లేదురా, భయమేసేది” అన్నారు తాతయ్య.

ఆ గళ్ళు కంప్రెషన్ వల్ల వచ్చినవి. మార్కస్ బార్ట్లీ గారు తీసింది 35 ఎం.ఎం. ఫిల్మ్ మీద. నెగటివ్ బాగుంటే 4కె స్కాన్‌కి సరిపడా వివరం దొరుకుతుంది: ఫ్రేముకి 83 లక్షల పిక్సెళ్లు, ఫుల్ హెచ్‌డీకి నాలుగింతలు.

కాపీకి కాపీ తీసిన ప్రింటైతే మాత్రం గీతలే పెద్దగా కనబడతాయి. గ్రెయిన్‌ని నాయిస్ అనుకుని మొత్తం తుడిచేస్తే మొహాలు మైనం బొమ్మలైపోతాయి. అంచేత 4కె అనగానే ముందు నెగటివ్ ఎలా ఉందో అడగాలి. అది పాడైపోతే, 8కె వచ్చినా తాతయ్య చూసిన చీకటి మనకి దొరకదు.