నేర్పుట బడి ధర్మము, నిలుపుట ఇంటి ధర్మము

బిడ్డ చదువులో వెనుకబడినపుడు రెండు మాటలు వినవచ్చుచుండును. "బడిలో సరిగా చెప్పుట లేదు" అని తల్లిదండ్రులు, "ఇంటియొద్ద పట్టించుకొనువారు లేరు" అని ఉపాధ్యాయులు అనుచుందురు. రెండింటిలోను ఎంతో కొంత సత్యము ఉండును. అయితే ఈ వాదము తెగులోపల బిడ్డ ఒక తరగతి నుండి వేరొక తరగతికి పోవును; రాని పాఠము రానట్లే మిగిలిపోవును. నష్టపడువారు తల్లిదండ్రులును కారు, ఉపాధ్యాయులును కారు, ఆ బిడ్డయే.

చదువు అను ఒక్క మాటలో రెండు పనులు ఇమిడియున్నవి. ఒకటి నేర్పుట. అక్షరము, గుణింతము, లెక్క, శాస్త్రము వీనిని క్రమముగా బోధించుట ఇందులోనిది. రెండవది నిలుపుట. బిడ్డను వేళకు బడికి చేర్చుట, నేర్చినదానిని మరువకుండ చూచుట, సత్యము, శ్రమ, వినయము అలవరచుట ఇందులోనివి. మొదటిదానికి శిక్షణ కావలెను, అది బడియందున్నది. రెండవదానికి నిత్యసాంగత్యము కావలెను, అది ఇంటియందున్నది. ఈ రెండు పనులను కలగాపులగము చేయుటచేతనే పై వాదము పుట్టుచున్నది.

వీథిబడి నాటి స్థితి

పూర్వము పిల్లల చదువు చాలవరకు ఇంటివారి భారమే. వీథిబడి పంతులునకు జీతమో, ధాన్యమో ఇచ్చి నిలుపుకొనుట తల్లిదండ్రుల పనిగా నుండెను. ఆ ఏర్పాటు ఎట్లు నడచెనో తెలుపు ఆధారము ఒకటి కలదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ పాఠశాలల వివరములను పంపవలసినదిగా కలెక్టర్లను ఆదేశించెను. బళ్లారి కలెక్టరు ఏ.డి. కాంబెల్ 1823 ఆగస్టులో తన నివేదికను పంపెను. ఇతడు తెలుగు వ్యాకరణమును ఆంగ్లభాషలో రచించినవాడు. నేడు ఆంధ్రప్రదేశ్‌లోనున్న ఆదోని, ఆలూరు, రాయదుర్గము ప్రాంతములు ఆనాడు బళ్లారి జిల్లాలోనివే. 1953లో అవి ఆంధ్రరాష్ట్రమున చేరినవి.

ఆ నివేదిక ప్రకారము జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. వానిలో చదువుచున్నవారు 6,641 మంది. అనగా దాదాపు నూటనలుబది మందికి ఒక్కరు. వారిలో హిందూ బాలికలు అరువదిమంది మాత్రమే. చదువు క్షీణించుటకు ముఖ్యకారణము ప్రజల దారిద్ర్యమే అనియు, పిల్లల చేతులు పనికి అందిన వెంటనే తల్లిదండ్రులు వారిని బడి మాన్పించుచున్నారనియు కాంబెల్ వ్రాసెను. భారమంతయు ఇంటిపైననే మోపిన పద్ధతికి హద్దు ఎచ్చటనో ఇది తెలుపుచున్నది. కలిగిన ఇంటి బిడ్డ చదివెను. లేని ఇంటి బిడ్డ పశువుల వెంట పోయెను.

ఆ నివేదికలోనే మరియొక విశేషము కలదు. ఉదయము అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేతిలో గౌరవసూచకముగా సరస్వతీ నామము వ్రాయుదురు. రెండవవానికి సున్న చుట్టుదురు. మూడవవాడు మొదలుకొని బెత్తపు దెబ్బలు వరుసగా పెరుగుచుండును. తెలుగునాట పెద్దలు 'శ్రీ, చుక్క' అని చెప్పుకొను ఆచారము ఇట్టిదే. విచారించి చూచినచో, ఆలస్యముగా వచ్చిన పసివాని దోషము ఎంత? నిద్ర లేపవలసినది, కడుపునకు పెట్టి పంపవలసినది ఇల్లు. ఇంటివారి అప్పును బిడ్డ అరచేయి తీర్చుచుండెను.

చట్టము చూపిన త్రోవ

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము, పదునాలుగేండ్లు నిండువరకు పిల్లలందరకు ఉచిత నిర్బంధ విద్యను పదిసంవత్సరములలో ఏర్పరచుటకు రాజ్యము యత్నింపవలెనని 45వ అధికరణమున చెప్పెను. ఆ గడువు దాటి నలువదేండ్లు గడచిన పిమ్మట, 2002లో 86వ సవరణ ద్వారా ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల పిల్లలకు విద్య ప్రాథమిక హక్కు అయ్యెను. ఆ సవరణయే, ఆ వయస్సు పిల్లలకు చదువుకొను అవకాశము కల్పించుట తల్లిదండ్రుల, సంరక్షకుల విధి అని 51-ఏ అధికరణమున చేర్చెను. హక్కును, విధిని ఒకేసారి పలికిన సవరణ ఇది.

2009లో చేయబడి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ఈ రెండింటిని విడమరచినది. బిడ్డను బడిలో చేర్పించుట తల్లిదండ్రుల విధి అని 10వ సెక్షను చెప్పుచున్నది. బిడ్డ చేరుట, హాజరగుట, చదువు పూర్తిచేయుట జరుగునట్లు చూచుట ప్రభుత్వ విధి అని 8వ సెక్షను చెప్పుచున్నది. ఉపాధ్యాయుని విధులను 24వ సెక్షను వివరించుచున్నది. వేళకు వచ్చుట, పాఠ్యప్రణాళికను పూర్తిచేయుట, ఒక్కొక్క బిడ్డ గ్రహణశక్తిని గుర్తించి అవసరమైనచో అదనముగా బోధించుట, తల్లిదండ్రులను క్రమముగా కలిసి బిడ్డ హాజరును, ప్రగతిని తెలుపుట అందులోనివి. బెత్తమును 17వ సెక్షను నిషేధించినది. బెత్తము పోయిన పిమ్మట ఆలస్యమునకు మందు ఒక్కటే మిగిలినది. అది ఉపాధ్యాయుడు ఇంటివారితో మాటాడుట.

బడి ఇంటికి త్రిప్పి పంపరానిది

అక్షరము నేర్పుట పూర్తిగా బడి బాధ్యత. దీనిలో ఇంటికి వాటా లేదు. తరగతిలో అర్థము కాని లెక్కను ఇంటిపనిగా ఇచ్చి పంపినపుడు, చదువుకొన్న తండ్రి దానిని చెప్పును; డబ్బు గల తండ్రి ట్యూషను పెట్టించును. కూలికి పోయి చీకటిపడి వచ్చిన తల్లి ఏమి చేయగలదు? మరునాడు ఆ బిడ్డ ఖాళీ నోటుపుస్తకముతో తరగతిలో నిలుచును. అది బిడ్డ సోమరితనమును కాదు, తల్లి అశ్రద్ధయును కాదు. బడి తన పనిని ఆ ఇంటిమీదకు త్రోసినది.

ఇంటిలో మొదటిసారిగా చదువుకొను బిడ్డకు బడి తప్ప వేరు దిక్కు లేదు. "తల్లిదండ్రులు నిరక్షరాస్యులు" అను మాట ఉపాధ్యాయునకు సాకు కారాదు. ఆ బిడ్డపై ఎక్కువ శ్రద్ధ చూపుటకు కారణము కావలెను. కొన్ని బడులు బిడ్డను చేర్చుకొనుటకు ముందు తల్లిదండ్రులను కూర్చుండబెట్టి పరీక్షించుట కలదు. దీనిని 13వ సెక్షను నిషేధించినది. తల్లిదండ్రుల చదువును చూచి బిడ్డను ఏరుకొను బడి, తన పనిని ఇంటివారిచేత చేయించుకొన దలచినదని అర్థము.

ఇల్లు రుసుముతో తీర్చుకొనరానిది

అట్లే ఇంటివారు బడికి అప్పగింపరాని పనులు కొన్ని గలవు. కలిగిన కుటుంబములలో ఈ లోపము అధికము. వేలకువేలు రుసుము కట్టి, పసివయస్సులోనే వసతిగృహమునకు పంపి, బాధ్యత తీరినదని తలచువారు కలరు. రుసుము పాఠమునకు వెల. సాంగత్యమునకు వెల కాదు. బిడ్డ అబద్ధమాడినపుడు ఆ గడియయందే మందలించువాడు, ఓడినపుడు ప్రక్కన కూర్చుండువాడు ఇంటివాడే కావలెను. తండ్రి రాత్రియంతయు సెల్‌ఫోను చూచుచు, బిడ్డను మాత్రము పుస్తకము చూడుమన్నచో ఆ మాట బిడ్డకు ఎక్కదు. బిడ్డ ఎదుట ఉపాధ్యాయుని తూలనాడిన ఇంటిలో, మరునాటి పాఠము సగము వినకమునుపే వ్యర్థమగును.

ఇందుకు తల్లిదండ్రులు చదువుకొన్నవారై యుండవలెనను నియమము లేదు. అక్షరము రాని తల్లియు బిడ్డచేత రేషనుకార్డు మీది పేర్లు, విత్తనముల సంచి మీది వ్రాత, బస్సు పలక చదివించుకొనవచ్చును. సంతలో చిల్లర లెక్కను బిడ్డ చేత చేయించవచ్చును. "ఈదినము ఏమి చెప్పిరి?" అని అడిగి, చెప్పునంతసేపు వినవచ్చును. తన చదువునకు ఇంటిలో విలువ కలదని బిడ్డకు తెలియుటకు అంతకంటె సాధనము లేదు.

ఇల్లు నిలువలేనిచోట

ఇల్లే ఒకచోట నిలువలేనపుడు మాత్రము పై విభజన చాలదు. కాంబెల్ నాడు బళ్లారి జిల్లాలో నుండిన ఆదోని, కోసిగి ప్రాంతముల నుండి నేటికిని అనేక కుటుంబములు మిరపకోతల కాలమున గుంటూరు వైపునకు వలసపోవుచున్నవి. బిడ్డలు వెంట పోయినచో నెలలకొలది బడి తప్పును. తిరిగివచ్చునప్పటికి తరగతి ముందునకు పోయియుండును. ఆ తల్లిదండ్రులను విధి తప్పినవారని నిందించుట న్యాయము కాదు. ఇట్టి బిడ్డల కొరకు కాలానుగుణ వసతిగృహములను నడుపు ఏర్పాటు ప్రభుత్వ పథకములలో కలదు. అయినను, బిడ్డను విడిచిపోవు తల్లికి ధైర్యము కలుగవలెనన్నచో, ఎరిగిన మనిషి ఒకరు ఊరిలో నుండి చూచుకొనవలెను. అచ్చట సమాజమే ఇల్లు కావలెను.

మఠముల దాసోహమునకు అర్థము ఇచ్చటనే కలదు. తుమకూరు సిద్ధగంగా మఠమున 1941 నుండి 2019 జనవరిలో లింగైక్యము చెందువరకు పీఠమును నిర్వహించిన శ్రీ శివకుమార స్వామివారు, కులమతభేదము లేక వేలాది విద్యార్థులకు అన్నము, ఆశ్రయము, అక్షరము ఒక్కచోట నొసగిరి. అన్నము, ఆశ్రయము ఇంటి పనులు. అక్షరము బడి పని. ఇల్లు చేయలేనిదానిని మఠము చేసినపుడు బడి తన పనిని చేయగలిగెను. బసవేశ్వరుని నాటి అనుభవమంటపమున మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య వంటివారు జ్ఞానవిచారణలో పాల్గొనిరి. ఒకరు బట్టలుతుకువారు, మరియొకరు పడవ నడుపువారు. వారు పుట్టిన ఇల్లు వారి జ్ఞానమునకు హద్దు కాలేదు. ఆ సంప్రదాయమునకు చెందిన గృహస్థులు, "వాని ఇంటిలో చదువు లేదు, వానికేమి వచ్చును?" అనరాదు.

ఆచరణ

చట్టములోని 21వ సెక్షను ప్రకారము ప్రభుత్వ, ఎయిడెడ్ బడులలో యాజమాన్య సంఘము ఉండవలెను. సభ్యులలో మూడువంతులు పాళ్లు తల్లిదండ్రులు, సంరక్షకులు. అనగా నలుగురిలో ముగ్గురు. సభ్యులలో సగము స్త్రీలు. ఇంటికిని బడికిని నడుమ వేసిన వంతెన ఇది. సంతకము చేసి వచ్చుటకు మాత్రమే ఆ సభకు పోరాదు. ఉపాధ్యాయుని "నా బిడ్డకు ఏ పాఠము రాలేదు? దానిని ఎప్పుడు నేర్పెదరు?" అని తల్లిదండ్రులు అడుగవలెను. తల్లిదండ్రులను "బిడ్డ ఎన్నిదినములు మానెను? ఎందుకు మానెను?" అని ఉపాధ్యాయుడు అడుగవలెను. మొదటి ప్రశ్నకు బడి, రెండవ ప్రశ్నకు ఇల్లు జవాబు చెప్పవలెను. రెండవదానికి జవాబు దారిద్ర్యమే అయినచో, ఆ ఊరి పెద్దలును, మఠమును లేచి నిలువవలెను.