నాలుగు ఘాతాల చిన్న ఇంజను: అమరిక, శ్రుతి, మరమ్మతు

తెలుగు బోధించేవారికి ఇంజనుతో ఏమి పని అని పాఠకులు ప్రశ్నింపవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. కళాశాలలోని నమూనా విమానాల బృందానికి పర్యవేక్షకులు కరవైన ఒక సంవత్సరం ఆ బాధ్యత మాపై పడింది. యతిప్రాసలకు అలవాటుపడిన కంటికి పిస్టను, వాల్వుల సంబంధం తొలుత వింతగా తోచింది. కాని కొద్ది దినాలలోనే ఒక సామ్యం కనిపించింది. యతి ఒక్క అక్షరం పక్కకు జరిగితే పద్యం కుంటుతుంది. గేరు ఒక్క పన్ను పక్కకు జరిగితే ఇంజను నడవదు. రెండు చోట్లా కావలసినది శ్రద్ధయే. ఆ శ్రద్ధ లోపించినందువలన మా ఎదుటనే ఒక విద్యార్థికి ప్రమాదం తృటిలో తప్పిపోయింది. ఈ వ్యాసం వ్రాయుటకు అదియే కారణం.

నాలుగు ఘాతాలు

పిస్టను సిలిండరులో ఒకమారు పైకి గాని కిందికి గాని నడచుటను ఘాతం అంటారు. పిస్టను దిగుతూ గాలిని, ఇంధనాన్ని లోనికి పీల్చుకొనుట చూషణం. పైకి వచ్చి ఆ మిశ్రమాన్ని నొక్కుట సంపీడనం. మిశ్రమం మండి పిస్టనును కిందికి నెట్టుట శక్తి ఘాతం. మండిన వాయువులను బయటికి తోయుట నిష్కాసనం. ఈ విధానంలో నడిచే ఇంజనును జర్మనీ దేశస్థుడైన నికొలాస్ ఆటో 1876లో నిర్మించాడు. సరిగా నూరు సంవత్సరాలకు, 1976లో, జపానులోని ఓ.ఎస్. సంస్థ ఎఫ్.ఎస్.-60 అనే నమూనా విమానపు ఇంజనును విపణిలోకి తెచ్చింది. దాని సిలిండరు పరిమాణం ఇంచుమించు 10 ఘనపు సెంటీమీటర్లు. అంతకుముందు ఈ అభిరుచి గలవారి చేతులలో ఎక్కువగా రెండు ఘాతాల ఇంజన్లే ఉండేవి.

రెండు ఘాతాల ఇంజను ప్రతి చుట్టుకూ ఒకమారు మండుతుంది; నాలుగు ఘాతాలది రెండు చుట్లకు ఒకమారు మాత్రమే. నిమిషానికి 10,000 చుట్లు తిరిగేటప్పుడు మొదటిది సెకనుకు సుమారు 167 మార్లు, రెండవది 83 మార్లు మండుతాయి. సంగీతం తెలిసినవారు వెంటనే గ్రహింతురు: సంఖ్య సగమైనదంటే స్వరం ఒక స్థాయి దిగినదన్నమాట. నాలుగు ఘాతాల ఇంజను ధ్వని చెవికి మంద్రంగా, నిజమైన విమానపు ధ్వనివలె వినిపించుటకు ఇది ముఖ్యకారణం.

ఇందులో వాడేది పెట్రోలు కాదు. మిథనాల్, కందెన నూనె, కొద్దిపాటి నైట్రోమీథేను కలిసిన ఇంధనం. మంట పుట్టించుటకు నిప్పురవ్వ అక్కరలేదు. గ్లో ప్లగ్గులో సన్నని ప్లాటినం తీగ ఉంటుంది. ప్రారంభంలో ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో దానిని ఎర్రబరచవలె. తరువాత బ్యాటరీని తొలగించినా, దహనపు వేడివలననూ, ప్లాటినంపై మిథనాల్ ఆవిరి జరిపే చర్యవలననూ తీగ చల్లారదు. రెండు చుట్లకొకసారి మాత్రమే మంట కలిగే ఈ ఇంజనులో తీగ ఎక్కువ సేపు వేడిని నిలుపుకోవలసి ఉంటుంది. కావున నాలుగు ఘాతాల ఇంజన్లకని చేసిన ప్లగ్గునే వాడవలె.

అమరిక

ఇంజను బిగించే ముందుగోడ బలంగా లేకున్న మిగిలిన నేర్పంతా వృథా. 10 ఘనపు సెంటీమీటర్ల ఇంజనుకు కనీసం 6 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్ కావాలి. ఇంజనును పట్టే మౌంటును నాలుగు మరలతో గోడకు బిగించి, వెనుకవైపు చెక్కలోకి గోళ్లు దిగే నట్లు వేయవలె. మండుటల మధ్య వ్యవధి ఎక్కువైనందున నాలుగు ఘాతాల ఇంజను ఇచ్చే ప్రతి నెట్టూ బలంగా ఉంటుంది. ఆ అదురుకు మరలు సడలుతాయి. మొదటి కొన్ని ఎగురుదలల తరువాత ప్రతి మరనూ తిరిగి పరీక్షించవలె. గోడ ముఖానికి ఎపాక్సీ పూయకున్న ఇంధనంలోని నూనె చెక్కలోకి ఇంకి, కొంతకాలానికి మర పట్టు కోల్పోతుంది.

ఇంజనును తిన్నగా ముందుకు చూచేటట్లు బిగించుట సాధారణంగా సరికాదు. ప్రొపెల్లరు తిరుగుడు వలన విమానం ముక్కు ఎడమకు లాగుతుంది. దానిని సరిచేయుటకు, వెనుకనుంచి చూచేవారి లెక్కలో ఇంజనును రెండు మూడు డిగ్రీలు కుడికి మళ్లించుట వాడుక. ఎంత మళ్లించవలెనో ఆ విమానపు నక్షాలో ఉంటుంది.

ఇంధనపు ట్యాంకు ఎత్తు మరువరానిది. ట్యాంకు పైభాగం కార్బురేటరు సూది మట్టానికి 5 నుంచి 10 మిల్లీమీటర్లు మాత్రమే పైకి ఉండవలె. ఎక్కువ ఎత్తైతే ఇంధనం తనంతట ఇంజనులోకి పారుతుంది. మరీ తగ్గితే ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ ఇంజను ఆకలిగొంటుంది. ట్యాంకు చుట్టూ స్పాంజి చుట్టకున్న అదురుకు ఇంధనం నురుగెత్తుతుంది. ఇంజనుపై తొడుగు ఉన్నచో, గాలి లోనికి వచ్చే దారికంటె బయటికి పోయే దారి పెద్దదిగా ఉండవలె. వేడెక్కిన గాలికి చోటు ఎక్కువ కావాలి గదా.

శ్రుతి

వీణకు శ్రుతి చేసినట్లే ఇంజనుకూ శ్రుతి చేయవలసి ఉంటుంది. ఇక్కడి బిరడలు రెండు: పూర్తి వేగానికి ఒక సూది, మందగతికి ఒక సూది. సూదిని లోనికి త్రిప్పితే ఇంధనం తగ్గి మిశ్రమం పలుచనవుతుంది. బయటికి త్రిప్పితే చిక్కనవుతుంది.

మొదట తయారీదారు పుస్తకంలో చెప్పినన్ని చుట్లు పెద్ద సూదిని తెరవండి. బ్యాటరీ తగిలించకుండా కార్బురేటరు నోటిని వేలితో మూసి, ప్రొపెల్లరును రెండు మూడు మార్లు త్రిప్పితే ఇంధనం లోనికి వస్తుంది. తిరుగుట హఠాత్తుగా కష్టమైతే బలవంతం చేయరాదు. సిలిండరులో ద్రవం నిండినదని అర్థం. ద్రవం నొక్కుడుపడదు గనుక కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. ప్లగ్గు విప్పి ఇంధనాన్ని బయటికి వెళ్లనీయవలె. ఇంజను మొదలుపెట్టునపుడు వేలు వాడక కర్రతో గాని స్టార్టరుతో గాని త్రిప్పవలె. ఒకరు విమానాన్ని వెనుకనుంచి పట్టుకోవలె. ప్రొపెల్లరు తిరిగే వలయానికి ఎదురుగా గాని పక్కగా గాని ఎవరూ నిలువరాదు.

ఇంజను కొంత వేడెక్కిన పిదప పూర్తి వేగం ఇచ్చి, పెద్ద సూదిని కొద్దికొద్దిగా లోనికి త్రిప్పండి. ధ్వని పెరుగుతుంది. ఇక పెరగని చోటు ఒకటి వస్తుంది; అది శిఖరం. అక్కడ ఆగరాదు. సూదిని తిరిగి తెరచి, శిఖరం కంటె నిమిషానికి 200 నుంచి 300 చుట్లు తగ్గేవరకు రావలె. తరువాత విమానం ముక్కును పైకి ఎత్తి పట్టి చూడవలె. ఇంధనం పైకి ఎక్కవలసి వచ్చినందున మిశ్రమం కొంత పలుచనవుతుంది. అప్పుడు ధ్వని కొద్దిగా పెరిగితే శ్రుతి కుదిరినట్లు. తగ్గినా, తొట్రుపడినా సూదిని ఇంకను తెరవవలె.

శిఖరాన్ని ఎందుకు వదులుకోవలెనని మేమే ఒకనాడు అనుకున్నాము. గణతంత్ర దినోత్సవ ప్రదర్శనకు రెండు దినాల ముందు, ఇంజను ఇంకను బిగ్గరగా మ్రోగవలెనన్న కోరికతో సూదిని చివరిదాకా త్రిప్పించినవారము మేమే. "సార్, కటకటమంటోంది" అని ఒక విద్యార్థి అన్నాడు. వినలేదు. పలుచని మిశ్రమం తగిన వేళకు ముందే మండి, పైకి వస్తున్న పిస్టనును వెనుకకు కొట్టింది. క్రాంకు ఒక్కసారిగా నిలిచింది. ప్రొపెల్లరు తన వేగాన తాను తిరిగి నట్టును విప్పుకొని ఎగిరింది. ఆ విద్యార్థి భుజానికి జానెడు దూరంలోనుంచి పోయి గోడకు తగిలి రెండు ముక్కలైంది. మేము ఆశించినది 300 చుట్లు. వాటికోసం మేము ఒడ్డినది ఒక తల్లి బిడ్డను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఇది అరుదుగా జరిగే వింత కాదు. నాలుగు ఘాతాల ఇంజను పలుచని మిశ్రమంతో నడిచినపుడు ప్రొపెల్లరును విసరుట అందరికీ తెలిసిన దోషమే. అందుకే తయారీదారులు ఒక నట్టుపై మరొక బిగింపు నట్టును ఇస్తారు. రెండవదానిని అనవసరమని పక్కన పెట్టరాదు. మేము పక్కన పెట్టితిమి.

పెద్ద సూది కుదిరిన తరువాతనే మందగతి సూదిని ముట్టవలె. ఇంజను నిమిషానికి రెండువేల పైచిలుకు చుట్లతో నెమ్మదిగా నడుచునపుడు ఇంధనపు గొట్టాన్ని వేళ్లతో నొక్కిపట్టండి. వేగం క్షణకాలం పెరిగి ఆగితే మిశ్రమం చిక్కన; వెంటనే ఆగితే పలుచన. దానినిబట్టి కొద్దిగా సవరించవలె. ఒక్కమారు ఎనిమిదవ వంతు చుట్టు కంటె ఎక్కువ త్రిప్పరాదు.

మరమ్మతు

మరమ్మతు అనే మాట అరబ్బీలో పుట్టి, ఫారసీ ఉర్దూల మీదుగా మన తెలుగులోకి వచ్చి స్థిరపడినది. ఇప్పుడు దానిని పరాయి మాట అనేవారు లేరు. మా బృందంలో ఉర్దూ మాధ్యమం వారు, తెలుగు మాధ్యమం వారు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఇంజను విప్పునపుడు ఈ ఒక్క మాటకు మాత్రం ఎవరికీ అనువాదం అవసరం కలుగలేదు.

విప్పుటకు ముందు వినవలె. ప్రొపెల్లరును చేతితో మెల్లగా త్రిప్పి సంపీడనం దగ్గర ఆపండి. బుస్సుమనే శబ్దం ఎక్కడినుంచి వస్తున్నదో గమనించండి. కార్బురేటరునుంచి వస్తే చూషణ వాల్వు, పొగగొట్టం నుంచి వస్తే నిష్కాస వాల్వు, కింది శ్వాసరంధ్రం నుంచి అధికంగా వస్తే పిస్టను రింగు సరిగా మూయడం లేదన్నమాట. పాత ఇంజన్లలో ఆముదపు నూనె కాలి జిగురై వాల్వు కాడకు పట్టుట తరచు కనిపించే దోషం.

వాల్వు సందును చల్లని ఇంజనులోనే కొలవవలె. పిస్టను సంపీడనాంతంలో పై కొసకు వచ్చి, రెండు వాల్వులూ మూసి ఉన్నపుడు, రాకరు చేతికి వాల్వు కాడకు నడుమ పలుచని కొలత రేకును దూర్చి చూడవలె. పెక్కు ఇంజన్లకు ఇది 0.04 నుంచి 0.10 మిల్లీమీటర్లు. సందు బొత్తిగా లేకున్న వేడికి కాడ సాగి వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎక్కువైతే వాల్వు తక్కువగా తెరచుకొని శక్తి తగ్గుతుంది, చప్పుడు పెరుగుతుంది. క్యాము గేరు, క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక చుట్టు తిరుగుతుంది. దానిని బయటికి తీసినపుడు తిరిగి పెట్టవలసిన గుర్తును ముందే చూచుకోవలె.

ప్రొపెల్లరు ఎగిరిన మరునాడు మేము ఆ ఇంజనును పట్టణంలోని ఒక వృద్ధ లేతు పనివాని వద్దకు తీసుకొని పోయాము. అందరూ ఆయనను ఉస్తాద్ అంటారు. క్రాంకును వేళ్లతో త్రిప్పి, చెవి దగ్గర పెట్టుకొని, వెనుక బేరింగు తుప్పుపట్టిందని చెప్పాడు. "వాడి చెడింది కాదు సాబ్, వాడి కడగకుండా పెట్టి చెడింది" అన్నాడు. నిజమే. అంతకుముందు వానకాలమంతా అది బీరువాలో అట్లే పడి ఉన్నది.

దీనికి కారణం తెలిసికొనదగినది. రెండు ఘాతాల ఇంజనులో నూనె కలిసిన ఇంధనం క్రాంకు గదిగుండా పోతూ బేరింగులను తడుపుతుంది. నాలుగు ఘాతాలదానిలో రింగు పక్కనుంచి కిందికి జారే కొద్దిపాటి నూనెయే వాటికి ఆధారం. ఆ నూనెతోపాటు దహనంలో పుట్టిన నీరు, ఆమ్లాలు కూడ దిగుతాయి. పైగా మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది. కావున దినం ముగిసినపుడు ఇంధనపు గొట్టాన్ని మూసి ఇంజనును దానంతట ఆగనీయవలె. తరువాత ప్లగ్గు రంధ్రంలో, శ్వాసరంధ్రంలో కొన్ని చుక్కల పలుచని నూనె వేసి చేతితో త్రిప్పవలె. ఇందుకు పట్టేది రెండు నిమిషాలు.

బేరింగును సుత్తితో కొట్టి తీయరాదు. ఇతర భాగాలన్నీ తీసివేసి, క్రాంకు గదిని ఓవెనులో 120 నుంచి 150 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేయవలె. అల్యూమినియం ఉక్కుకంటె ఇంచుమించు రెండింతలు వ్యాకోచిస్తుంది. అందువలన చెక్కపై మెల్లగా తట్టగానే బేరింగు తానే జారుతుంది. ఉస్తాద్ చెక్కపై తట్టిన మూడవ దెబ్బకు అది బయటపడినపుడు పిల్లలు చప్పట్లు కొట్టారు. భౌతికశాస్త్ర పుస్తకంలోని ఒక వాక్యం వారి కళ్లముందు బల్లపై పడింది.

మిథనాల్ విషమని, కొద్దిగా లోనికి పోయినా చూపు పోగొట్టగలదని, దాని మంట పగటి వెలుతురులో కంటికి సరిగా కనబడదని ప్రతి విద్యార్థికీ మొదటి దినమే చెప్పవలె. నోటితో గొట్టం పీల్చి ఇంధనం నింపే అలవాటును కఠినంగా నిషేధించవలె.

నేడు నమూనా విమానాలలో ఎక్కువభాగం విద్యుత్ మోటార్లతో ఎగురుతున్నవి. అవి శుభ్రమైనవి, సులభమైనవి. అయినను ఈ చిన్న ఇంజను నేర్పే పాఠం వేరు. ప్రతి ఫలితానికీ వెనుక ఒక కారణం ఉన్నదనీ, దానిని విని, తాకి, కొలిచి కనుగొనవచ్చుననీ అది నేర్పుతుంది. శిఖరం తెలిసికొని దానికి కొంచెం ఇవతల నిలుచుట చేతగానితనం కాదని కూడ నేర్పుతుంది.

ఆ విద్యార్థి ఇప్పటికీ మా బృందంలోనే ఉన్నాడు. ప్రొపెల్లరుకు రెండవ నట్టు బిగించే పని అతనిది. బిగించి, "చూడండి సార్" అంటాడు. మేము చూచిన తరువాతనే ఇంజను మొదలవుతుంది.