మెడ విరుపు – మెదడుకు ముప్పు

జహీరాబాదు చెంత, కర్ణాటక సరిహద్దున ఉన్న మొగుడంపల్లి వంటి గ్రామములలో మోపులు మోసి, సాయంకాలమునకు మెడ పట్టినదనువారు పెక్కుమంది. క్షౌరము ముగిసిన పిదప మెడను ‘టక్కు’మనునట్లు విరిపించుకొనుట అనేకులకు అలవాటు. ఆ క్షణమున హాయిగనే ఉండును. కాని ఆ మెడలో ఏమున్నదో మనము తెలిసికొనుట అవసరము.

మెదడు బరువు శరీరములో నూటికి 2 వంతులే. అయినను శరీరము వినియోగించు ప్రాణవాయువులో నూటికి సుమారు 20 వంతులు దానికే కావలెను. దానిని అందించు రక్తము నాలుగు ధమనుల ద్వారా పైకి పోవును. మెడ ముందుభాగమున ఇరుప్రక్కల రెండు; వ్రేలు మోపిన నాడి తెలియును. వెనుక రెండు, ఇవి వెన్నుపూసల ప్రక్క రంధ్రములలో దారము వలె దూరి, పుర్రెలోపల ఒక్కటై, చిన్నమెదడును పోషించును. నడకలోని తూకము దీనిపై ఆధారపడియున్నది.

తల ప్రక్కకు త్రిప్పినపుడు వెనుక ధమని మొదటి రెండు పూసల నడుమ మెలిపడి సాగును. అందువలన ప్రవాహము కొంత తగ్గినను తక్కిన ధమనులు ఆ లోటు తీర్చును. పుర్రె అడుగున ఇవి వలయముగా కలిసియున్నవి. ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో ఈ వలయమును వర్ణించెను. ఒక కాలువ పూడినను మరొక కాలువ మడికి నీరందించినట్లే ఇదియును. కావున మామూలుగా మెడ త్రిప్పుటకు భయపడ పనిలేదు.

అపాయము హఠాత్తుగా విరుచుటలో ఉన్నది. ధమని లోపొర చిరిగినచో అచ్చట రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరవచ్చును. ఇది అరుదు, జరిగినచో పక్షవాతమే. తలను వెనుకకు వాల్చి చాలసేపు ఉంచుటయు కొందరికి ప్రమాదకరము. 2022లో హైదరాబాదు నాడీవైద్యులు డాక్టరు సుధీర్ కుమార్ ఇట్టి ఉదంతము నొకదానిని వెల్లడించిరి. సౌందర్యశాలలో తల వెనుకకు వాల్చి జుట్టు కడిగించుకొనుచున్న 50 ఏండ్ల స్త్రీకి తల తిరిగి వాంతులైనవి. తొలుత కడుపు జబ్బుగా చికిత్స జరిగినది. మరునాడు నడక తూలినది. పరీక్షింపగా చిన్నమెదడులో పక్షవాతమని తేలినది. ఆమెకు ఒక వెనుక ధమని సన్నగా ఉండెను.

కనుక మెడ పట్టినచో కాపడము పెట్టుకొని, విశ్రాంతి తీసికొని, మెల్లగా మనమే కదల్చుకొనవలెను. ఇతరులచే విరిపించుకొనరాదు. మెడ విరుపు పిదప తల తిరుగుట, వాంతి, నడక తూలుట, మాట తడబడుట, ఒకటి రెండుగా కనబడుట, ముఖము వంకరపోవుట, ఇందేది తోచినను పైత్యమని ఊరకుండరాదు. వెంటనే 108కి కబురు చేయవలెను. గడ్డను కరిగించు మందు, వైద్యులు తగునన్నవారికి, సాధారణముగా 4½ గంటలలోపుననే ఈయవలెను. లక్షణములు మొదలైన వేళను గుర్తుంచుకొని వైద్యునికి తెలుపుడు. క్షణకాలపు హాయికై జీవితకాలపు నడకను పణముగా ఒడ్డకుందుము.